తేనె తాడు ఎవరి చేతిలో ఉంది?

తెలివైన యంత్రాల మాట ఎత్తితే మన పిల్లలకు ముందుగా గుర్తొచ్చేది 'రోబో' సినిమా. 2010లో వచ్చిన ఆ సినిమాను చాలామంది టీవీలో చూసే ఉంటారు. వశీకరణ్ అనే శాస్త్రవేత్త చిట్టి అనే మరమనిషిని తయారుచేస్తాడు. ఆ చిట్టి చివరికి యజమాని మాట కాదని, తనలాంటి మరమనుషుల్ని వందల్లో పుట్టించి ఊరి మీద పడతాడు. రేపు యంత్రాలన్నీ ఇట్లే తిరగబడతాయా సార్ అని పిల్లలు అడుగుతారు. పెద్దల్లోనూ ఈ భయం ఉంది. ఈ రంగంలో పేరున్న శాస్త్రవేత్త జెఫ్రీ హింటన్ 2023 మేలో గూగుల్ కొలువు వదిలి, ఈ యంత్రాలు మనిషి అదుపు దాటే ప్రమాదం ఉందని హెచ్చరించాక అది ఇంకా పెరిగింది.

ఆ భయం వట్టిదని మేము అనడం లేదు. అయితే ఆ సినిమా కథలో ఒక సంగతిని అందరూ దాటేస్తున్నారు. చిట్టి దుర్మార్గుడు కావడానికి కారణం వాడిలో పెట్టిన ఎర్ర చిప్. అది తనంతట తాను మొలవలేదు. బోరా అనే మనిషి తన లాభం కోసం పెట్టాడు. మన గూడేల్లోకి వచ్చిన యంత్రాలు ఇంతవరకు ఎవరి మీదా తిరగబడలేదు. బుద్ధిగా చెప్పిన మాట వింటున్నాయి. ఎవరి మాట వింటున్నాయన్నదే మన ప్రశ్న.

మేము మహానంది చుట్టుపక్కల, నల్లమల అంచున ఉన్న బడుల్లో పనిచేసే ఆదివాసీ పంతుళ్లం. కంప్యూటర్ శాస్త్రం చదివినవాళ్లం కాదు. అయినా ఈ యంత్రాలతో మన జనానికి రోజూ పని పడుతోంది. స్టోరు బియ్యం, ఉపాధి కూలి, బడి హాజరు, అడవిలో పులుల లెక్క, అన్నిటి దగ్గరా ఏదో ఒక యంత్రం నిలబడి ఉంది. కొన్నింటిలో కృత్రిమ మేధ ఉంది, కొన్నింటిలో మామూలు లెక్కల ప్రోగ్రామే ఉంది. వరుసలో నిలబడ్డ మనిషికి ఆ తేడా తెలియదు. అవునో కాదో చెప్పేది యంత్రమే కాబట్టి ఇక్కడ రెండింటినీ కలిపే చూస్తున్నాం.

చెంచుల తేనె తీతలో పెద్దలు చెప్పే ఒక కట్టుబాటు ఉంది. కొండచరియకు పట్టిన తేనెపట్టు తియ్యడానికి ఒకడు నార తాడు పట్టుకుని కిందికి దిగుతాడు. పైన తాడు దగ్గర కాపలా ఉండేది దిగినవాడి బావమరిది. సొంత అన్నదమ్ములకు కూడా ఆ పని అప్పగించరు. తాడు జారితే బతుకు చెడేది తన తోబుట్టువుది కాబట్టి బావమరిది కన్ను తాడు మీంచి కదలదు. తాడు గట్టిదా కాదా అని చూసుకోవడం ఒక పని. ఆ తాడు ఎవరి చేతిలో ఉందో, మనం పడితే ఆ ఇంటికి దెబ్బ తగులుతుందో లేదో చూసుకోవడం అంతకన్నా ముఖ్యమైన పని. యంత్రాల గురించి ఇప్పుడు జరుగుతున్న చర్చ ఎక్కువగా తాడు గట్టితనం గురించే. చేతి గురించి అడిగేవాళ్లు తక్కువ.

సలహా వేరు, తీర్పు వేరు

యంత్రం మేలు చేసిన చోటు నుంచే మొదలుపెడదాం. అది మన ఉమ్మడి కర్నూలు జిల్లాలోనే ఉంది. 2016లో దేవనకొండ మండలంలో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి 175 మంది వేరుశనగ రైతులతో ఒక ప్రయోగం చేశాయి. 1986 నుంచి 2015 వరకు ఆ ప్రాంతపు వాతావరణ లెక్కల్ని యంత్రం పరిశీలించింది. నేలలో తేమ ఎప్పుడు సరిపోతుందో అంచనా వేసి, ఏ వారంలో విత్తాలో రైతుల ఫోన్లకు తెలుగులో సందేశం పంపింది. తొలకరి పడగానే విత్తడం, ఆ తర్వాత వాన మొగం చాటేస్తే విత్తనం మాడిపోవడం సీమ రైతుకు పాత కథే. ఆ ఏడు జూన్ మొదట్లో తొందరపడకుండా నెలాఖరు దాకా ఆగమని సలహా వచ్చింది. ఆగినవాళ్లకు సగటున 30 శాతం దాకా దిగుబడి పెరిగిందని ఆ సంస్థలు ప్రకటించాయి. దీనికోసం రైతు కొత్తగా కొన్నదేమీ లేదు. సందేశం చదవగలిగే మామూలు ఫోను చాలింది.

ఇందులో మేము గమనించాల్సినది దిగుబడి ఒక్కటే అనుకోవడం లేదు. ఆ సందేశం వచ్చాక కూడా గొర్రు కట్టాలా వద్దా అని తేల్చుకున్నది రైతే. సందేశం తప్పనిపిస్తే పక్కన పెట్టవచ్చు. పక్క పొలం వాడిని అడగవచ్చు. వినకపోయినా అతని భూమి అతనికే ఉంటుంది. అంటే యంత్రం సలహాదారుగా ఉంది, తాడు రైతు చేతిలోనే ఉంది.

స్టోరు దగ్గరికి వచ్చేసరికి పద్ధతి మారిపోతుంది. మన రాష్ట్రంలో 2015 నుంచి బియ్యానికి వేలిముద్ర యంత్రం వచ్చింది. బియ్యం బండి ఇంటి ముందుకు వచ్చిన రోజుల్లోనూ వేలిముద్ర తప్పలేదు. వెదురు చీల్చిన వేలు, రాళ్లు మోసిన వేలు, అరవై ఏళ్లు కట్టెలు కొట్టిన వేలు ఆ అద్దం మీద గీతలు చూపించవు. "మిషన్లో పడలేదవ్వా, రేపు రా" అంటారు. ఇక్కడ యంత్రం సలహా ఇవ్వడం లేదు, తీర్పు చెబుతోంది. మనిషిని ఎదురుగా చూస్తూ, పేరు పెట్టి పిలుస్తూ, ఆమె ఆమే అని తెలిసి కూడా, ఆమె ఆమె కాదన్న యంత్రం మాటే చెల్లుతోంది.

చట్టం ఇలా చెప్పలేదు. 2018 సెప్టెంబర్ 26న ఆధార్ కేసులో తీర్పు ఇస్తూ, వేలిముద్ర పడలేదన్న కారణంతో అర్హులకు అందాల్సినది ఆగకూడదని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వేరే గుర్తింపు చూపించి తీసుకునే దారి ఉండాలి. ఆ దారి ఉందని వరుసలో నిలబడ్డ అవ్వకు చెప్పేవాళ్లే లేరు. యంత్రం మీద భారం వేస్తే ఎవరూ జవాబు చెప్పనక్కర్లేదు కదా.

దీనికి ఒక ఎదురు వాదన ఉంది. యంత్రానికి కులం లేదు, అది లంచం అడగదు, తూకంలో కొట్టదు అంటారు. ఇందులో నిజం ఉంది. మన పేరు మీద బియ్యం ఎత్తుకుని మన కార్డు మీద గీతలు పెట్టిన రోజులు పెద్దలకు గుర్తున్నాయి. ఆ మోసం తగ్గడానికి యంత్రం కొంత పనికొచ్చింది. కాబట్టి పాత డీలరు రాజ్యమే మేలని మేము అనం. అయితే డీలరుతో కొట్లాడవచ్చు. నలుగురూ కలిసి నిలదీయవచ్చు, తహసీల్దారు దగ్గరికి పోయి వాడి మీద అర్జీ పెట్టవచ్చు. యంత్రం లోపల తప్పు జరిగితే ఎవరి మీద అర్జీ పెట్టాలి? మోసం చేసే మనిషిని తీసేసి, జవాబు చెప్పే మనిషిని కూడా తీసేశారు.

తెలంగాణలో జరిగింది ఇంకా పెద్దది. అక్కడి ప్రభుత్వం 'సమగ్ర వేదిక' పేరుతో వేర్వేరు శాఖల్లోని వివరాలను ఒకచోట కలిపి, పేర్లూ చిరునామాలూ జల్లెడ పట్టి అనర్హులను ఏరే ప్రోగ్రామును వాడింది. 2014 నుంచి 2019 వరకు అక్కడ 18 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. కారు లేని పేద కుటుంబానికి కారు ఉన్నట్టు చూపి కార్డు తీసేసిన ఉదంతం పత్రికల్లో వచ్చింది. ఒకే పేరున్న ఇద్దరిని ఒకరిగా చూస్తే అంతే మరి. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, తీసేసిన కార్డులన్నిటినీ మనుషులు వెళ్లి మళ్లీ పరిశీలించాలని ఆదేశించింది. చూస్తే వేల కుటుంబాలు అర్హులేనని తేలింది. ప్రోగ్రాము ఒక్క పూటలో చేసిన తప్పు సరిదిద్దడానికి బీదవాడు సుప్రీంకోర్టు దాకా పోవాల్సి వచ్చింది.

ఇది బీద దేశపు జబ్బు అనుకోవద్దు. బ్రిటన్‌లో తపాలా శాఖ 1999 నుంచి 'హొరైజన్' అనే లెక్కల ప్రోగ్రామును వాడింది. డబ్బు తగ్గిందని ఆ ప్రోగ్రాము చూపితే, తపాలా కార్యాలయాలు నడిపే చిన్న మనుషుల మీద దొంగతనం కేసులు పెట్టారు. 900 మందికి పైగా శిక్షలు పడ్డాయి. కొందరు జైలుకు పోయారు, కొందరు ప్రాణాలు తీసుకున్నారు. తప్పు ప్రోగ్రాముదని తేలాక కూడా ఏళ్లు పట్టి, 2024లో ప్రత్యేక చట్టం చేసి ఆ శిక్షలు కొట్టేశారు. బాగా చదువుకున్న దేశంలోనూ మనిషి మాట కన్నా యంత్రం మాటకే కోర్టు విలువ ఇచ్చింది.

కాపలాకు కాపలా

ఉపాధి హామీ పనుల్లో కూలీల హాజరు కోసం 2021లో ఒక ఫోన్ యాప్ వచ్చింది. 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని పనుల దగ్గరా తప్పనిసరి చేశారు. రోజుకు రెండుసార్లు పని దగ్గర ఫొటో తీసి పంపాలి. సిగ్నల్ లేని గుట్ట మీద మట్టి తవ్విన కూలీ పని చేసినట్టు కాదు, ఫొటో ఎక్కితేనే పని చేసినట్టు. ఇక దొంగ హాజరు ఉండదన్నారు. 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ఒక లేఖ రాసింది. పనికి సంబంధం లేని ఫొటోలు పెడుతున్నారు, పాత ఫొటోను మళ్లీ ఫొటో తీసి పెడుతున్నారు, కాబట్టి పంచాయతీ స్థాయిలో మనుషులే ఫొటోలను సరిచూడాలని అందులో చెప్పింది.

మనుషులకు కాపలాగా యంత్రాన్ని పెట్టారు, ఇప్పుడు యంత్రానికి కాపలాగా మనుషుల్ని పెట్టారు. చివరికి నమ్మకం మనిషి దగ్గరికే తిరిగి వచ్చింది. ఈ మధ్యలో ఫొటో ఎక్కక కూలి పోగొట్టుకున్నవాళ్ల నష్టం మాత్రం తిరిగి రాలేదు. యంత్రాన్ని మోసం చెయ్యగలిగిన పెద్ద చేతులకు దాని వల్ల ఇబ్బంది లేదు. నిజంగా పని చేసి సిగ్నల్ లేక ఓడిపోయిన చెయ్యి మనది.

అడవిలో పెట్టిన కన్ను

మన నల్లమల పులుల అడవి. 1983లో నాగార్జునసాగర్ శ్రీశైలం అభయారణ్యం ప్రాజెక్ట్ టైగర్‌లో చేరింది. ఒకప్పుడు దేశమంతటా పులులను అడుగుజాడలతో లెక్కపెట్టేవాళ్లు. రాజస్థాన్‌లోని సరిస్కాలో కాగితం మీద పులులు ఉండి అడవిలో లేవని 2005లో తేలాక ఆ లెక్క మీద నమ్మకం పోయింది. కాబట్టి చెట్లకు కెమెరాలు కట్టే పద్ధతి రావడం న్యాయమే. 2018 గణనలో దేశవ్యాప్తంగా 26,838 చోట్ల కెమెరాలు పెట్టారు. మూడు కోట్ల 48 లక్షలకు పైగా ఫొటోలు వచ్చాయి. వాటిలో పులులవి 76,651. అన్ని ఫొటోల నుంచి జంతువులను విడదీసే పనిలో కృత్రిమ మేధ సాయపడింది. చారలను పోల్చి ఏ పులి ఏదో చెప్పే ప్రోగ్రామూ ఉంది. మనుషులు కూర్చుని చెయ్యాలంటే ఏళ్లు పట్టే పని అది.

అయినా ఒక సంగతి మరవకూడదు. ఆ కెమెరాను ఏ దారిలో, ఏ చెట్టుకు కట్టాలో చెప్పేది జాడ తెలిసిన మనిషే. నల్లమలలో ఆ పనికి చెంచు యువకులు ముందు నడుస్తారు. మంచు పడకముందు వేసిన అడుగేదో, తర్వాత వేసిన అడుగేదో వాళ్లకు తెలుసు. కొండముచ్చు అరుపులో, కణుజు అరుపులో తేడా విని పులి ఎటు కదులుతోందో చెప్పగలరు. గణన నివేదికలో కెమెరాల సంఖ్య ఉంటుంది, ప్రోగ్రాము పేరు ఉంటుంది. కెమెరాకు చోటు చూపించిన మన తమ్ముడు దినకూలీగానే మిగులుతాడు. రేపు కెమెరాలే చాలన్న రోజు వస్తే ఆ జాడ చూసే విద్యను ఎవరు నేర్చుకుంటారు? ఒక తరం నేర్వకపోతే చాలు, కెమెరా చెప్పింది తప్పని చెప్పగలిగే మనిషే ఉండడు. యంత్రం మీద ఆధారపడటంలో పెద్ద ప్రమాదం ఇదేనని మా అభిప్రాయం. పని దానికి అప్పగిస్తే నష్టం లేదు. దాని పనిని సరిచూసే విద్యను పోగొట్టుకుంటేనే మన పగ్గం దాని చేతికి పోతుంది.

కెమెరాకు ఇంకో ముఖం కూడా ఉంది. పులి కోసం కట్టిన కెమెరా దారిన పోయే మనిషినీ తీస్తుంది. ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ అడవిలో ఇలాంటి కెమెరాలూ డ్రోన్లూ కట్టెలకు, గడ్డికి పోయే ఆడవాళ్ల మీద నిఘాగా మారాయని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024 నవంబర్‌లో బయటపెట్టారు. కెమెరా భయంతో ఆడవాళ్లు పాటలు మానేశారు, గొంతు తగ్గించారు, తెలియని దారుల్లో పోవడం మొదలుపెట్టారు. అడవిలో గట్టిగా మాట్లాడుకోవడం, పాడుకోవడం జంతువులను దూరంగా ఉంచే జాగ్రత్త కూడా. కెమెరా తీసిన బొమ్మ ఎవరి దగ్గర ఉంటుంది, ఎన్నాళ్లు ఉంటుంది, ఎవరు చూస్తారు? 2006 అటవీ హక్కుల చట్టం మన గ్రామసభకు గొంతు ఇచ్చింది. ఆ గొంతుతో అడగాల్సిన ప్రశ్నలివి.

బడిలో పట్టిక

ఇక మన బడి సంగతి. బడి మానేసే అవకాశం ఉన్న పిల్లలను ముందే గుర్తించడానికి మన రాష్ట్ర ప్రభుత్వం మైక్రోసాఫ్ట్ సాయంతో ఒక ప్రోగ్రామును వాడింది. 2018-19 విద్యా సంవత్సరానికి ఒక్క విశాఖపట్నం జిల్లాలోనే 19,500 మంది పేర్లు ఇచ్చింది. ఉద్దేశం మంచిదే. ముందే తెలిస్తే ముందే ఆపుకోవచ్చు. కానీ పేరు ఇవ్వడంతో యంత్రం పని అయిపోతుంది. ఆ పిల్ల ఎందుకు మానేస్తుందో తెలియాలంటే పంతులు గూడేనికి నడవాలి. మిరప కోతలకు అమ్మానాన్న గుంటూరు వైపు పోతున్నారేమో, చంటి చెల్లెల్ని ఎత్తుకునేవాళ్లు లేరేమో, ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తున్నాయేమో. పట్టిక చేతికొచ్చాక గూడేనికి నడిచే పంతులుకు అది దివిటీ. నడవని పంతులుకు అది సాకు. "ఎట్లా మానేసే పిల్లే కదా" అన్న మాట ఒక్కసారి నోట్లోంచి వస్తే ఆ పిల్ల నిజంగానే మానేస్తుంది.

పట్టికల సంగతి మనకు కొత్త కాదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్త జాతుల చట్టం తెచ్చింది. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికీ విస్తరించింది. ఎరుకల వంటి జాతులను పుట్టుకతోనే నేరస్తులుగా పట్టికలో రాసి, వేలిముద్రలు తీసుకుని, స్టూవర్టుపురం వంటి సెటిల్మెంట్లలో ఉంచారు. ఆ చట్టం 1952లో రద్దయింది. పట్టికలో పేరెక్కిన జాతి మీద ఊరి అనుమానం మాత్రం ఇంకా పూర్తిగా రద్దు కాలేదు. ఒక మనిషి చేసిన పనిని బట్టి గాక, ఆ మనిషి ఏ గుంపువాడో చూసి రేపు ఏం చేస్తాడో ముందే రాయడం ఎంత అన్యాయమో మన జాతుల కన్నా ఎక్కువ తెలిసినవాళ్లు లేరు. నేటి యంత్రం చేసే అంచనా ఆ చట్టం లాంటిదని మేము అనడం లేదు. అలాంటిదిగా మారకుండా చూసే కన్ను మనకుండాలి అంటున్నాం.

2022 ఆగస్టులో పంతుళ్ల హాజరుకూ ముఖం గుర్తుపట్టే యాప్ వచ్చింది. సొంత ఫోన్లు వాడాలా, సిగ్నల్ లేనిచోట ఎట్లా అని సంఘాలు అడిగాయి. ఆ అడగడం సరైనదే. అయితే మన హాజరుకు యంత్రం వచ్చినప్పుడు వచ్చిన కోపం అవ్వ వేలిముద్ర పడనప్పుడు కూడా మనకు రావాలి. పంతుళ్లకు సంఘం ఉంది. అవ్వకు మనమే సంఘం.

పిల్లలు ఇప్పుడు వ్యాసం రాయమంటే ఫోన్‌ని అడుగుతున్నారు. నిమిషంలో రాసిచ్చే యంత్రాన్ని వాడొద్దని మేము చెప్పం. ఒక పని చెప్పి చూడండి. మన గూడెం గురించి రాయమని అడగమనండి. వచ్చిన జవాబును ఇంట్లో జేజి ముందు చదివి వినిపించి, ఏది తప్పో గుర్తుపెట్టి తెమ్మనండి. యంత్రం చదివింది బయటివాళ్లు మన గురించి రాసిందే. మనం రాయనిది దానికి తెలియదు. 2025లో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ 'ఆది వాణి' అనే అనువాద సాధనాన్ని తెచ్చింది. మొదట సంతాలి, భీలీ, ముండారీ, గోండీ భాషలకు చోటు దొరికింది. మన వైపు ఎరుకల భాష, సుగాలీల భాష ఇలాంటి వాటిలోకి పోవాలంటే ఆ మాటలు రికార్డు చేసి, సరిచూసి ఇవ్వాల్సింది మన యువతే. ఇచ్చేటప్పుడు ఆ గొంతులు ఎవరి సొత్తుగా ఉంటాయో కాగితం మీద రాయించుకునేదీ వాళ్లే కావాలి.

మనం అడగాల్సినవి

ఏ కొత్త యంత్రం గూడేనికి వచ్చినా నాలుగు ప్రశ్నలు అడుగుదాం. ఇది సలహా ఇస్తుందా, తీర్పు చెబుతుందా? ఇది కాదన్నప్పుడు కారణం మన భాషలో చెప్పేదెవరు? తప్పని మనం అంటే, దాన్ని పక్కన పెట్టి పని జరిపించే అధికారం ఉన్న మనిషి ఎవరు, ఎక్కడ కూర్చుంటాడు? దాని తప్పు వల్ల మనకు నష్టం జరిగితే ఆ నష్టంలో వాళ్లకూ భాగం ఉందా? ఈ నాలుగింటికీ జవాబు దొరికితే ఆ యంత్రాన్ని సంతోషంగా వాడుకుందాం. దొరకకపోతే గ్రామసభలో తీర్మానం రాసి, సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టి అడుగుదాం.

చదువుకున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. యంత్రం నేర్చుకోండి, అది నడిపే చోట్ల కూర్చోండి. ప్రోగ్రాము రాసే గదిలో అరిగిన వేలు చూసినవాళ్లు ఒక్కరున్నా, ఆ వేలు పడకపోతే ఏం చెయ్యాలన్న ప్రశ్న ముందే వస్తుంది. ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. మీ గూడెంలో వేలిముద్ర పడక వెనక్కి తిరిగిన పేర్లు ఈ నెల నుంచే ఒక నోటు పుస్తకంలో తేదీతో సహా రాయండి. యంత్రం తన లెక్క తాను దాచుకుంటుంది. మన లెక్క మన దగ్గర ఉండాలి. అడగడానికి పోయినప్పుడు చేతిలో ఆ పుస్తకం ఉంటే, యంత్రం అట్లా చెప్పింది అన్న మాటకు ఎదురు మాట మన దగ్గర ఉంటుంది.